నాన్న పాత కంప్యూటర్‌లో విండోస్ 10 తర్వాత ఏం వేయాలి? లోపల 12 ఏళ్ల పేజ్‌మేకర్ ఫైళ్లు ఉన్నాయి

తెనాలి_అబ్బాయి
18 అక్టోబర్ 2025, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. దీపావళికి ఇంటికొచ్చాను. నాన్న కంప్యూటర్ ఆన్ చేయగానే విండోస్ 10కి సపోర్ట్ ముగిసిందని పెద్ద సందేశం. అక్టోబర్ 14తో అప్‌డేట్లు ఆగిపోతాయని నాకు ముందే తెలుసు, కానీ ఇంట్లో ఉన్న ఈ మెషీన్ గురించి అసలు ఆలోచించలేదు. ఆయన మాత్రం నాలుగు రోజులుగా "ఇది ఇక పనిచేయదేమో రా" అంటూ పని ఆపేసి కూర్చున్నారు.

2013లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. ఐ3-3220 ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. మొదట విండోస్ 7 ఉండేది. 2016లో ఉచితంగా ఇస్తున్నప్పుడు నేనే 10కి మార్చాను. ఇప్పుడు డెస్క్‌టాప్ కనబడటానికే ఐదు నిమిషాలు పడుతోంది.

అసలు సంగతి ఇది. నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. మా చుట్టుపక్కల ఊళ్లలో పద్యనాటకాలు ఆడేవాళ్లు తమ దగ్గరున్న పాత నోటు పుస్తకాలు తెచ్చిస్తే, ఆయన కూర్చుని టైప్ చేసి, ప్రింట్ తీసి తిరిగి ఇస్తారు. కొన్ని పుస్తకాలు ముట్టుకుంటే పొడి అయిపోయేవి. అలా 40కి పైగా నాటకాలు ఉన్నాయి, అన్నీ అను అనే తెలుగు ఫాంట్లలో, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7లో. వాటిలో చాలావాటికి అసలు నోటు పుస్తకం ఇప్పుడు లేదు.

బజార్లో షాపు అతన్ని అడిగితే "విండోస్ 11 వేసేద్దాం, ఫార్మాట్ కొట్టి సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్నాడు. ఇవ్వమంటారా? 24న నేను బెంగళూరు వెళ్లిపోవాలి.


కరీంనగర్_సర్వీస్
18 అక్టోబర్ 2025, రాత్రి 11:15

తమ్ముడూ, ఆ సీపీయూని గడప దాటించకు. 18 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా. "డేటా ఉంది, జాగ్రత్త" అని నోటితో చెప్పి వదిలేసి వెళ్లిన మెషీన్లే ఎక్కువగా ఖాళీ అయి తిరిగొస్తాయి.

విండోస్ 11 విషయం. నీది ఇంటెల్ 3వ తరం. అధికారికంగా ఇంటెల్ అయితే 8వ తరం నుంచి, ఏఎండీ అయితే రైజెన్ 2000 సిరీస్ నుంచి ఒప్పుకుంటుంది. పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు) ఉండాలి. మీ బోర్డు కాలానికి టీపీఎం 2.0 లేదు. ఆ తనిఖీని దాటించి ఎక్కించే పద్ధతులు ఉన్నాయి, షాపు అతను చేయబోయేది అదే. ఎక్కుతుంది కూడా. కానీ అర్హత లేని మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వడం లేదు. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ దానంతట అది రాదు, మళ్లీ ఎవరో కూర్చుని దాటించాలి. నువ్వు బెంగళూరులో ఉంటే ఆ పని చేసేదెవరు?

నా మాట వింటే ముందు మూడు సంగతులు చూడు. డిస్క్ ఆరోగ్యం ఎలా ఉంది, ఫైళ్లు ఎంత సైజు ఉన్నాయి, అవి ఏ డ్రైవ్‌లో ఉన్నాయి. ఏం వేయాలనేది ఆ తర్వాత మాట్లాడుకుందాం.


డల్లాస్_బాబు
18 అక్టోబర్ 2025, రాత్రి 11:52

ఒక ఏడాది టైమ్ దొరికే దారి ఉందండీ. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అంటారు. హైదరాబాద్‌లో అమ్మ కంప్యూటర్‌కి పోయిన వారమే ఇక్కడి నుంచి రిమోట్‌గా చేశాను. 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. కొత్త ఫీచర్లేమీ రావు, అవి మనకు అక్కర్లేదు.

మెషీన్‌లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి. స్టార్ట్‌లో విన్‌వర్ అని కొడితే తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీకి వెళ్తే "ఎన్‌రోల్ నౌ" అని లింకు కనబడుతుంది. విండోస్ బ్యాకప్‌తో సెట్టింగ్స్‌ని సింక్ చేస్తే డబ్బు కట్టనక్కర్లేదు. లేదంటే 1000 రివార్డ్స్ పాయింట్లు, అదీ కాకపోతే 30 డాలర్లు లేదా దానికి సరిపడా మన డబ్బు. ఏ దారిలో వెళ్లినా మైక్రోసాఫ్ట్ అకౌంట్ తప్పనిసరి. అమ్మ మెషీన్‌లో లోకల్ అకౌంట్ ఉండేది, అందుకే మొదట అరగంట తిప్పలు పడ్డాను. సింక్ పెట్టేటప్పుడు ఫోల్డర్ల బ్యాకప్ ఆపేసి సెట్టింగ్స్ వరకే ఉంచండి. వన్‌డ్రైవ్‌లో ఉచితంగా వచ్చేది 5 జీబీ, ఫోటోలతో అది ఇట్టే నిండిపోతుంది.


విశాఖ_లినక్స్
19 అక్టోబర్ 2025, ఉదయం 7:05

నేను వేరే దారి చెప్తాను. విండోస్ బదులు వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. 4 జీబీ ర్యామ్‌తో హాయిగా నడుస్తుంది, 22 సిరీస్‌కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి, రూపాయి ఖర్చు లేదు. మా అత్తయ్య గారి 2011 ల్యాప్‌టాప్‌లో మూడేళ్లుగా అదే ఉంది. ఆవిడ యూట్యూబ్, బ్యాంకు పనులు, మెయిల్ అన్నీ చూసుకుంటున్నారు.

ఇన్‌స్టాల్ చేయకుండానే చూడొచ్చు. ఖాళీ పెన్‌డ్రైవ్‌లో మింట్ రాసి దాంతో బూట్ చేస్తే హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోకుండా మొత్తం నడుస్తుంది. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేయడమే.

పేజ్‌మేకర్, అను మాత్రం అందులో నేరుగా నడవవు. వైన్ (విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి ప్రయత్నించొచ్చు గానీ, నాన్నగారి పనిని దాని మీద ఆధారపడేలా చేయమని నేను చెప్పను.


డీటీపీ_అక్క
19 అక్టోబర్ 2025, ఉదయం 9:30

బాబూ, మీ పోస్టు చదివి కాఫీ పక్కన పెట్టేశాను. 1999 నుంచి విజయవాడలో డీటీపీ చేస్తున్నాను. మీరంతా విండోస్ గురించి మాట్లాడుతున్నారు, నాకు ఆ నాటకాల గురించే భయంగా ఉంది.

అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి) రాకముందు పద్ధతిలో చేసినవి. ఆ ఫైల్లో 'క' అనే అక్షరం ఉండదు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యలు ఉంటాయి, వాటి మీద ఫాంటు తెలుగు బొమ్మ గీస్తుంది. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క, కొమ్ము ఇంకో ముక్క. ఫాంటు ఉన్నంతవరకు పద్యం, ఫాంటు పోతే పిచ్చి గీతలు. కాబట్టి పీఎండీ ఫైళ్లు (పేజ్‌మేకర్ ఫైళ్లు) ఒక్కటే కాపీ చేసుకుంటే సరిపోదు. ఫాంట్లు సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల ఫాంట్స్‌లో ఉంటాయి. ఫార్మాట్ కొడితే పోయేది సరిగ్గా అవే. అందరూ "నా ఫైళ్లు డీ డ్రైవ్‌లో ఉన్నాయిలే" అనుకుంటారు.

ఇంకొకటి. ఫాంట్లు లేని మెషీన్‌లో ఆ ఫైల్ తెరిస్తే పేజ్‌మేకర్ ఒక చిన్న డబ్బా చూపిస్తుంది, పేనోస్ ఫాంట్ మ్యాచింగ్ అని. లేని ఫాంటు బదులు వేరేది పెట్టమంటావా అని దాని అర్థం. అందులో టెంపరరీ, పర్మనెంట్ అని రెండు ఉంటాయి. తొందరలో పర్మనెంట్ పెట్టి ఓకే కొట్టి, సేవ్ చేసేశారంటే ఏ పేరాకి ఏ ఫాంటు ఉండేదో ఆ గుర్తు కూడా పోతుంది. మా దగ్గరికి వచ్చిన ఒక శతకం పుస్తకం అలాగే అయింది. నెల రోజులు కూర్చుని మళ్లీ కొట్టాం.

అందుకని ఇవాళే, ఈ మెషీన్ బతికుండగానే, ప్రతి నాటకాన్నీ తెరిచి పీడీఎఫ్ తీయండి. విండోస్ 10లో ప్రింటర్ల వరుసలోనే 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్' ఉంటుంది. ఏ4 పేజీలైతే సరిగ్గా వస్తుంది. ఒక్కో పీడీఎఫ్ వేరే ఫోన్‌లో తెరిచి చూసి, తెలుగు కనబడితేనే అయినట్టు లెక్క. అప్పుడు కంప్యూటర్ ఏమైనా కనీసం చదువుకోవడానికి ఉంటుంది. యూనికోడ్‌లోకి మార్చడం రెండో మెట్టు, దానికి ఓపిక కావాలి.

పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత కొత్త వెర్షనే రాలేదు. ఇన్‌డిజైన్ కూడా సీఎస్6 వరకే ఈ ఫైళ్లను తెరిచేది, ఆ తర్వాతవి తెరవవు. రేపో ఎల్లుండో ఎవరో తెరుస్తారులే అని వదిలేయొద్దు.


నల్గొండ_రవ్వ
19 అక్టోబర్ 2025, మధ్యాహ్నం 1:20

అక్క చెప్పింది అక్షరాలా నిజం. మా పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు డెస్క్‌టాప్ మీదే ఫోల్డర్‌లో ఉండేవి. డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవ్ అని నాకు తెలియదు. ఒక షాపులో ఫార్మాట్ చేసి ఇచ్చారు. ఇంటికొచ్చి పాటలు, సినిమాలు మళ్లీ ఎక్కించుకున్నాం. రెండు వారాలకు ఫోటోలు లేవని గమనించాం. అప్పటికే వాటి మీద కొత్తవి రాసేసింది. రికవరీలో 600 ఫోటోలకు 70 వచ్చాయి, వాటిలో సగం కింద భాగం బూడిద రంగు.

డేటా పోయిందని తెలిసిన క్షణమే మెషీన్ ఆపేయాలని ఆ తర్వాత తెలిసింది.


తెనాలి_అబ్బాయి
19 అక్టోబర్ 2025, రాత్రి 9:10

అందరికీ చాలా థ్యాంక్స్. ఒక చెడ్డ వార్త. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వేసి చూశాను. పసుపు రంగులో 'కాషన్' అని వచ్చింది, రీఎలొకేటెడ్ సెక్టార్స్ (డిస్క్‌లో పాడై పక్కన పెట్టిన చోట్లు) ఎదురుగా పసుపు చుక్క. చెవి పెట్టి వింటే అప్పుడప్పుడూ టిక్కుమంటోంది. నాన్నకి ఇంకా చెప్పలేదు, నాకే టెన్షన్‌గా ఉంది.

ఇంకో వింత. ప్లగ్ తీసి పెడితే తేదీ 2013 జనవరికి వెళ్లిపోతోంది. అప్పుడు ఏ సైటూ తెరుచుకోవడం లేదు, కనెక్షన్ సురక్షితం కాదంటోంది. నాన్న దీన్ని వైరస్ అనుకుంటున్నారు.


కరీంనగర్_సర్వీస్
19 అక్టోబర్ 2025, రాత్రి 9:25

రెండోది వైరస్ కాదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి సెల్ ఉంటుంది, సీఆర్2032. పన్నెండేళ్లకు అయిపోయింది. గడియారం వెనక్కి పోతే వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు చెల్లనట్టు కనబడతాయి, అందుకే సైట్లు తెరుచుకోవు. వాచీల షాపులో కూడా దొరుకుతుంది. మెయిన్ ఆపేసి, ప్లగ్ తీసి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టు.

మొదటిది మాత్రం అర్జెంటు. ఇప్పుడు డీఫ్రాగ్ చేయొద్దు, చెక్‌డిస్క్ చేయొద్దు, యాంటీవైరస్ ఫుల్ స్కాన్ పెట్టొద్దు. బలహీనంగా ఉన్న డిస్క్‌ని పరిగెత్తిస్తే మధ్యలో పడిపోతుంది. ముందు నాటకాల ఫోల్డర్, దాని వెంటనే ఫాంట్స్ ఫోల్డర్, తర్వాత ఫోటోలు. ఈ వరుసలో రెండు వేర్వేరు చోట్లకు కాపీ చెయ్యి. ఒకటి పెన్‌డ్రైవ్, ఇంకోటి నీ ల్యాప్‌టాప్. పీడీఎఫ్‌లు తీయడం ఆ తర్వాతే.

రేపు పండగ, షాపులు ఉండవు. 21న 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు పెట్టే వేగమైన డిస్క్) తీసుకో. పాతదాన్ని ఉన్నది ఉన్నట్టు దాని మీదికి క్లోన్ చెయ్యి. విండోస్, పేజ్‌మేకర్, ఫాంట్లు అన్నీ అలాగే వచ్చేస్తాయి, ఏదీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. వాడిన స్థలం 200 జీబీ లోపు ఉండేలా సినిమాలు లాంటివి ముందే తీసెయ్. ఇంకో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ దొరికితే వెయ్యి.


విశాఖ_లినక్స్
19 అక్టోబర్ 2025, రాత్రి 10:02

కాపీ చేయడానికి నా పెన్‌డ్రైవ్ పద్ధతి పనికొస్తుంది. మింట్ లైవ్‌తో బూట్ చేసి కాపీ చేస్తే విండోస్ వెనకాల ఆ డిస్క్ మీద చేసే చదవడం, రాయడం ఏదీ ఉండదు. డిస్క్ మీద భారం తగ్గుతుంది. ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపి షట్‌డౌన్ చేయండి.


బడిపంతులు_ఆదిలాబాద్
20 అక్టోబర్ 2025, ఉదయం 6:50

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా బడిలో కోర్ 2 డ్యువో మెషీన్లు ఆరు ఉన్నాయి, 2 జీబీ ర్యామ్. ఒకరు విండోస్ 11 దాటించి వేస్తామంటున్నారు. ఒప్పుకోవాలా?


కరీంనగర్_సర్వీస్
20 అక్టోబర్ 2025, ఉదయం 8:15

వద్దు సార్. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో ఎస్‌ఎస్‌ఈ 4.2, పాప్‌కౌంట్ అనే ఆదేశాలు ఉండాలి. కోర్ 2 డ్యువోలో అవి లేవు. ఏ పద్ధతిలో దాటించినా బూటే కాదు. ఆ ప్రాసెసర్ 64 బిట్ నడపగలదు, కాబట్టి ర్యామ్ 4 జీబీ చేసి మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేయించండి. పిల్లలు టైపింగ్, లిబ్రె ఆఫీస్ నేర్చుకోవడానికి సరిపోతుంది.


హైటెక్_పక్కింటి
20 అక్టోబర్ 2025, మధ్యాహ్నం 3:40

ఇంత శ్రమ ఎందుకండీ? ఆఫీసుల నుంచి వచ్చే 8వ తరం ఐ5 సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొంటే విండోస్ 11 దర్జాగా ఎక్కుతుంది. టీపీఎం లేదని చూపించినా కంగారు పడక్కర్లేదు. ఇంటెల్ అయితే బయోస్‌లో పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది, చాలా బోర్డుల్లో అది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే చాలు.


డీటీపీ_అక్క
20 అక్టోబర్ 2025, సాయంత్రం 4:05

మంచి సలహానే. కానీ కొత్త మెషీన్ కొన్నా పాతదాన్ని ఆ 40 నాటకాలు బయటికొచ్చేదాకా కదిలించకూడదు. అదీగాక డెబ్బై దగ్గరపడిన మనిషికి చేతికి అలవాటైన కీబోర్డు, కంటికి అలవాటైన తెర ఉన్నపళంగా మార్చేస్తే పని మానేస్తారు. మా ప్రెస్సులో పెద్దాయన అలాగే మానేశారు.


తెనాలి_అబ్బాయి
23 అక్టోబర్ 2025, రాత్రి 11:30

రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాను. జరిగినవన్నీ రాస్తాను, నాలాంటి వాళ్లకు పనికొస్తుంది.

19 రాత్రే మింట్ పెన్‌డ్రైవ్ తయారుచేసి కాపీ మొదలుపెట్టాను. 43 నాటకాలు, మొత్తం కలిపి 300 ఎంబీ కూడా లేవు. పన్నెండేళ్ల పని పాత పెన్‌డ్రైవ్‌లో ఒక మూలకు సరిపోయింది. రెండు ఫైళ్ల దగ్గర డిస్క్ ఆగిపోయింది. ఒకటి మూడోసారికి కాపీ అయింది. రెండోది కాలేదు. నాన్నకి చెప్పక తప్పలేదు. ఆయన లేచి వెళ్లి బీరువాలోంచి ఆ నాటకం ప్రింట్ కాపీ తెచ్చారు, అంచులకు పసుపు అంటి ఉంది. "ఇది మళ్లీ కొడతాలే" అన్నారు.

21న ఎస్‌ఎస్‌డీ, సెల్, ర్యామ్ తెచ్చాను. క్లోన్‌కి మూడున్నర గంటలు పట్టింది. నాలుగైదు చోట్ల చదవలేని సెక్టార్లు వచ్చాయి, వాటిని వదిలేసి ముందుకెళ్లేలా పెట్టాను. ఇప్పుడు స్విచ్ నొక్కిన అర నిమిషం లోపే డెస్క్‌టాప్ వస్తోంది. నాన్న అలవాటు కొద్దీ స్విచ్ నొక్కి పూజకి వెళ్లబోయి, తెర చూసి ఆగిపోయారు. డల్లాస్ అన్న చెప్పినట్టు ఎన్‌రోల్ చేశాను, 2026 అక్టోబర్ వరకు అప్‌డేట్లు వస్తాయి. పాత హార్డ్‌డిస్క్‌ని ఫార్మాట్ చేయకుండా కవర్లో చుట్టి, మీద తేదీ రాసి బీరువాలో పెట్టాం.

ఆ ఒక్క నాటకం తప్ప పీడీఎఫ్‌లు అన్నీ అయ్యాయి. అక్కా, మీరన్న పేనోస్ డబ్బా నా ల్యాప్‌టాప్‌లో తెరిచినప్పుడు సరిగ్గా అలాగే వచ్చింది. సేవ్ చేయకుండా మూసేశాను.

లైవ్ మింట్‌లో నాన్నకి టైపింగ్ కూడా చూపించాను. ఇన్‌పుట్ మెథడ్ సెట్టింగ్స్‌లో తెలుగు ఉంది. ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీ వేసుకుంటే యాపిల్ లేఅవుట్ దొరికింది. నాన్న అనులో కొట్టేది ఆ లేఅవుటే. కీబోర్డు వైపు చూడకుండా ఒక కంద పద్యం కొట్టేశారు, రెండు మూడు ఒత్తుల దగ్గర మాత్రమే వేలు ఆగింది. ఈ పద్యాన్ని నేను ఫోన్‌లో వెతగ్గలనని, వాట్సాప్‌లో పంపితే ఫాంటు లేకుండా ఎవరైనా చదవగలరని చెప్తే, "మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదురా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ప్రస్తుతానికి విండోస్ 10 మీదే పని. సంక్రాంతికి వచ్చినప్పుడు మిగిలిన 60 జీబీలో మింట్ కూడా వేస్తాను. ఈ ఏడాదిలో నాటకాలన్నీ యూనికోడ్‌లోకి మార్చాలని నాన్న, నేను అనుకున్నాం.

ఒక నాటకం కన్వర్టర్‌లో వేసి చూశాం. చాలావరకు బాగానే వచ్చింది గానీ, 'ధర్మరాజు' ఉన్న ప్రతిచోటా 'ధమర్రాజు' అయింది. అరసున్నలన్నీ మాయం. ఱ ఉన్నచోట ఖాళీ చతురస్రం. పద్యాల్లో ఇవి లేకపోతే నాన్న ఒప్పుకోరు. దీనికేం చేయాలి?


డీటీపీ_అక్క
24 అక్టోబర్ 2025, ఉదయం 6:20

ప్రయాణం క్షేమంగా జరగాలి బాబూ. నాన్నగారికి నా నమస్కారాలు.

'ధమర్రాజు' ఎందుకొచ్చిందంటే వలపలగిలక, అంటే అక్షరం పక్కన రాసే ర్ గుర్తు. పాత పద్ధతిలో ఆ గుర్తుని మ తర్వాత కొడతాం, చదివేటప్పుడు మాత్రం ముందు చదువుతాం. యూనికోడ్‌లో ర్ ముందే రావాలి. కన్వర్టర్ కంటికి కనబడిన వరుసలోనే మార్చేసింది. ఇది వెతికి మార్చడంతో పోతుంది, కానీ 'ర్ర' ఉన్నవన్నీ ఒకేసారి మార్చొద్దు, 'కర్ర', 'బుర్ర' కూడా పాడైపోతాయి. మాట మాటగా మార్చండి. ధర్మ, కర్ణ, అర్జున, పార్థ... నాటకాల్లో ఈ పేర్లే తిరుగుతుంటాయి కాబట్టి ఒక పట్టిక రాసుకుంటే రెండో నాటకం నుంచి వేగం వస్తుంది.

అరసున్న, ఱ సంగతి వేరు. ఆ కన్వర్టర్‌కి వాటి సంఖ్యలు తెలియవు. మార్చేముందే పేజ్‌మేకర్‌లో అరసున్న ఉన్నచోట ఫైల్లో ఎక్కడా వాడని ఏదైనా గుర్తు పెట్టించండి. ఏ గుర్తో నాన్నగారు ఒక పరీక్ష పేజీలో చూసి ఎంచుకోవాలి, కాపీ ఫైల్లోనే చేయాలి. మార్చాక ఆ గుర్తుల స్థానంలో యూనికోడ్ అరసున్న పెట్టేయొచ్చు. ఱకి కూడా అంతే.

మొదటి నాటకం అయ్యాక దాని పీడీఎఫ్, మార్చిన ఫైలు రెండూ నాకు పంపండి. ఆదివారాలు మా ప్రెస్సు సెలవు. ఒక అంకం నేను సరిచూస్తాను.